నాలుగు నెలల కొలువు

నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. ఫారెస్ట్ బీట్ ఆఫీసరు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కిన మగవాళ్లకు పెట్టే నడక పరీక్ష ఇది. ఆడవాళ్లకు 16 కిలోమీటర్లు. 2025 జులైలో ఏపీపీఎస్సీ 691 పోస్టులకు ప్రకటన వేసినప్పటి నుంచి మా వడ్డాదిలో కొందరు కుర్రాళ్లు తెల్లారగట్ల చోడవరం రోడ్డు పట్టుకుని వడివడిగా నడుస్తూ కనిపించారు. బీట్ ఆఫీసరుకి 25,220 దగ్గర మొదలై 80,910 దాకా వెళ్లే స్కేలు. అసిస్టెంట్ బీట్ ఆఫీసరుకి 23,120 నుంచి 74,770. ఇంటర్ చదివిన పిల్లవాడికి మా వైపు ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది? నడవనీండి, వాళ్లలో కొందరికైనా రావాలి.

ఆ నడక చూసినప్పుడల్లా నాకు మరో మనిషి మనసులో మెదులుతాడు. మాడుగుల మీదుగా పాడేరు వెళ్లే దారిలో, ఘాట్ ఎక్కకముందే పక్కకి విడిపోయే కొండ ఊళ్లలో ఒకదాని మనిషి. సరుకులకి మా జంక్షన్‌కి దిగుతుంటాడు. ఎండాకాలం వచ్చిందంటే అటవీశాఖకి ఫైర్ వాచరు. ఆ నెలల్లో ఆయన నడక తారురోడ్డు మీద కాదు, రాళ్లలో, ఏటవాలులో, ఒక్కోసారి పొగలో. అయినా ఆ బీట్ ఆఫీసరు ఉద్యోగానికి ఆయన దరఖాస్తు పెట్టలేడు. ఇంటర్మీడియట్ ఉండాలి, ఆయన చదువు ఊరి బడితో ఆగింది. ముప్పై ఏళ్లు మించకూడదు, గిరిజనులకి ఐదేళ్ల సడలింపు. ఆ గీత ఆయన ఎప్పుడో దాటేశాడు. అగ్గి ఆర్పడంలో గడిచిన ఏళ్లు ఈ రెంటిలో దేనికీ బదులు కావు.

మన దగ్గర అడవి కాలే కాలం సుమారుగా ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ మధ్య దాకా. ఆకురాలిన అడవిలో నేలంతా ఎండుటాకు పరుచుకుని ఉంటుంది, కొండ నెత్తిన బోదగడ్డి ఎండి నిలబడి ఉంటుంది. ఆ నాలుగు నెలలకి ఊళ్లలో మనుషుల్ని తీసుకుంటారు. కొన్నిచోట్ల ఏజెన్సీ ద్వారా, కొన్నిచోట్ల దినకూలి మీద. హాజరు పడిన రోజుకే డబ్బులు. తొలకరి రెండు గట్టి వానలు పడితే కొలువు ముగిసినట్టే. ఒక ఏడు వేసవి కూలి డబ్బులు నాట్లు పడ్డాక గానీ చేతికి రాలేదని చెప్పాడాయన. కోపంగా కూడా చెప్పలేదు. వానాకాలంలో డబ్బులొస్తే ఎరువుకి పనికొస్తాయన్నాడు!

కూలి ఎంతని నేను అడిగితే ఆయన లెక్క వేరే చెప్పాడు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. మట్టిపనికి పొద్దున్న వెళ్లి ఎండ ముదిరేలోగా ఇంటికొచ్చేయొచ్చు. వాచరుకి అర్ధరాత్రి ఫోను మోగినా లేవాలి. అందుకే ఆయన ఊళ్లో కుర్రాళ్లెవరూ ఈ పనికి రావడం లేదట. విశాఖలో సెక్యూరిటీ గార్డుగా నిలబడటం నయమనుకుంటున్నారు. తప్పేముంది? నేనైనా అదే అనుకుంటాను.

ఈ పనిలో పనితనం ఏముంటుంది, కొమ్మ పట్టుకుని బాదడమేగా అనుకునేవాళ్లుంటారు. మా పల్లపు ఊళ్లలో చెరకు కొట్టాక చేలో ఆకు తగలేస్తాం కాబట్టి, అగ్గి సంగతి మాకూ కొంత తెలుసు. చదును నేల మీద అగ్గి వేరు, కొండ మీద అగ్గి వేరు. వాలు పదేసి డిగ్రీలు పెరిగే కొద్దీ ఎగబాకే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఆ లెక్క తెలియకపోయినా ఆయన మంటకి పైవైపు నిలబడడు. ఒక ఫిబ్రవరిలో ఆయన వెంట కొండెక్కినప్పుడు నాకు ముందుగా చెప్పిన మాటే అది: "అగ్గి కింద ఉండాల, మనం పక్కనుండాల బాబూ. పైనుంటే మరి దిగం."

మంటని ఎదురుగా వెళ్లి కొట్టరు. కాలిపోయిన నల్లనేల మీద నిలబడి, వెనక నుంచి పక్కలు నరుక్కుంటూ తలవైపు వెళ్తారు. కొమ్మ పచ్చిది కావాలి, ఆకు దళసరిగా ఉండాలి. కొట్టేటప్పుడు పైకెత్తి బాదితే నిప్పురవ్వలు అవతలికి ఎగిరి కొత్త మంట లేస్తుంది. అందుకని నేలకి ఆనించి, కాలిన వైపుకి ఊడ్చినట్టు లాగాలి. చెప్పడానికి తేలిక. నేను లాగితే రవ్వలన్నీ కాలని వైపుకే పోయాయి. ఇప్పుడు ఆకులు ఊదేసే బ్లోయరు యంత్రాలొచ్చాయి. పది మంది పని చేస్తాయి, పెట్రోలు ఉన్నంతసేపు. కాకపోతే వాటిని వీపున వేసుకుని కొండెక్కాల్సింది మళ్లీ మనిషే.

పగలు గాలి లోయలోంచి కొండ మీదికి ఎక్కుతుంది. పొద్దు గుంకాక కొండ చల్లబడి గాలి కిందికి దిగుతుంది, గడ్డిలో కాస్త చెమ్మ చేరుతుంది, మంట మెత్తబడుతుంది. అందుకే పెద్ద మంటల్ని రాత్రిళ్లూ వేకువనా పట్టుకుంటారు. అసలు పని మంట లేవక ముందే ఉంది. చలికాలం చివర్లో ఫైర్ లైన్లు శుభ్రం చేయడం, గడ్డీ ఆకూ గీరి, ఎండినదాన్ని కాపలా ఉండి ముందే కాల్చేసి, మంట దాటలేని బాట మిగల్చడం. ఆ లైను బాగుంటే ఎండాకాలం ఫోను తక్కువగా మోగుతుంది. ఇక్కడే ఉంది మెలిక. "అగ్గి లేస్తే పనుంటాది. లేవకపోతే వాచర్లెందుకంటారు" అన్నాడాయన నవ్వుతూ. పని బాగా చేసినవాడికి పని తగ్గిపోయే కొలువు ఇది.

ఉపగ్రహాలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, మంచిదే. భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో మంటల జాడ చెబుతోంది. హైదరాబాదు జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నుంచి ఆ సంస్థకి సమాచారం వెళ్తుంది, అక్కడి నుంచి బీటు స్థాయి దాకా ఫోనుకి సందేశం వస్తుంది. 2017 నుంచి వాడుతున్న విర్స్ పరికరం చూపే ఒక్కో చుక్క 375 మీటర్ల చదరం. 2023-24 అగ్గికాలంలో మన రాష్ట్రంలో అలాంటి జాడలు 18 వేలకు పైగా నమోదై, దేశంలో నాలుగో స్థానంలో నిలిచాం. సరే, చదరం తెలిసింది. ఆ చదరంలో ఏ గెడ్డ వెంబడి వెళ్తే మంట పక్కకి చేరతామో, ఎక్కడ నీటి ఊట ఉందో, ఎక్కడ వెదురు పొద అడ్డమో ఉపగ్రహం చెప్పదు. అది చెప్పేవాణ్ణి మనం జూన్‌లో ఇంటికి పంపేస్తున్నాం.

పైగా మన అడవుల్లో మంటలు దాదాపు అన్నీ మనుషుల వల్ల లేచేవే. పోడు కొట్టిన చోట పెట్టిన నిప్పు దాటడం, ఇప్పపువ్వు ఏరుకోడానికి చెట్టు కింద ఆకు కాల్చడం, కొత్త చిగురు కోసం తునికి పొదలు తగలేయడం, పశువుల మేతకి గడ్డి అంటించడం, దారినపోయేవాడు బీడీ పారేయడం. ఎవరు ఎప్పుడు నిప్పు పెడతారో ఊరివాడికి తెలుస్తుంది. "ఇయ్యాల గాలి బాగోలేదు మావా, రేపు సాయంత్రం కాల్సుకో, నేనూ వస్తాను" అని చెప్పగలిగేది వాచరు ఒక్కడే. అటవీ చట్టం ప్రకారం నిప్పు పెట్టడం నేరం. యూనిఫాం వేసుకున్నాయన వస్తే కేసు అవుతుంది, వాచరు వస్తే మాట అవుతుంది. ఈ మాట సాయానికి ఏ హాజరు పుస్తకంలోనూ కూలి లేదు.

కూలి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మన మన్యంలో అది చిన్న విషయం కాదు. గూడెం కొండల్లో పోడుని అడ్డుకోవడంతోపాటు, డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి గిరిజనులని బలవంతంగా తోలి, అరకొర కూలితో సరిపెట్టడం 1922 తిరుగుబాటుకి దగ్గరి కారణాల్లో ఒకటి. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. విగ్రహాలకి దండలు వేసేటప్పుడు ఈ కూలి సంగతి మనకి గుర్తురాదు.

ఇక ప్రమాదం. 2024 జూన్ 13న ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పడానికి వెళ్లినవాళ్లలో నలుగురు అక్కడికక్కడే చనిపోయారు. ఒకరు బీట్ అధికారి, ఒకరు ఫైర్ వాచరు, ఒకరు ప్రాంతీయ రక్షక దళం జవాను, ఒకరు దినకూలీ. ఒకే మంట, నాలుగు రకాల కొలువులు. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 ఫిబ్రవరిలో, కేరళ త్రిస్సూరు జిల్లాలో ముగ్గురు అటవీ వాచర్లు ఇలాగే పోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో మంటలార్పే వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మా కొండ మీద ముక్కుకి కట్టుకునేది తువ్వాలు.

చట్టం ఏమంటుందో చూద్దాం. తాత్కాలిక ఉద్యోగి రెగ్యులర్ ఉద్యోగి పనే చేస్తుంటే స్కేలులో కనీస వేతనం ఇవ్వాల్సిందేనని జగ్జీత్ సింగ్ కేసులో 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 నవంబరులో సభాశంకర్ దూబే కేసులో ఉత్తరప్రదేశ్ అటవీశాఖ దినకూలీలకి అదే వర్తింపజేసింది. ఏళ్ల తరబడి తాత్కాలికం పేరుతో పని చేయించుకోవడాన్ని 2024 డిసెంబరులో జగ్గో కేసులో గట్టిగా తప్పుపట్టింది. ఇవన్నీ వినిపించి మా వాచరుకి ఆశ పుట్టించాలనుకున్నాను గానీ, నోరు పెగల్లేదు. ఎందుకంటే ఈ తీర్పులు ఏడాది పొడవునా పనిచేసినవాళ్లవి. కార్మిక చట్టంలో ఎడతెగని సర్వీసు అనిపించుకోవాలంటే ఏడాదికి 240 రోజులు పని ఉండాలి. నాలుగు నెలలంటే 120. ఇరవై వేసవులు మంటలార్పినా ఆయన సర్వీసు ఎప్పుడూ సగం దగ్గరే తెగిపోతుంది.

ఇది మన ఒక్కరి గొడవే అనుకోకండి. అమెరికాలో ఫెడరల్ అడవుల్లో సీజనులో మంటలార్పేవాళ్లని ఏడాదికి 1,039 గంటలు మించని తాత్కాలిక నియామకాలతో నడిపించారు. పింఛను లెక్కలోకి రాదు, 2012 దాకా ఆరోగ్య బీమా కూడా లేదు. వాళ్లూ వదిలేసి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. 2021 చివర్లో వచ్చిన మౌలిక వసతుల చట్టం మూలవేతనంలో సగమో, 20 వేల డాలర్లో, ఏది తక్కువైతే అది పెంచమంది. ఆ తాత్కాలిక పెంపు స్థానంలో 2025 మార్చిలో శాశ్వత వేతన రేట్లు వచ్చాయి. సీజను ఉద్యోగాలు కొన్నిటిని శాశ్వత ఉద్యోగాలుగా మార్చారు. కాలిఫోర్నియాలో ఇళ్లూ ఊళ్లూ తగలబడితే గానీ అంత డబ్బున్న దేశానికి కూడా తోచలేదు.

మనకి డబ్బు లేదనే మాట నేను నమ్మను. అడవి నరికినందుకు బదులుగా వసూలయ్యే కాంపా నిధుల్లో 2019 ఆగస్టులో కేంద్రం మన రాష్ట్రానికి 1,734 కోట్లు అప్పగించింది. 2018 నాటి కాంపా నియమాలు అగ్గి నివారణ పనులకి ఆ డబ్బు వాడొచ్చని చెబుతున్నాయి. అడవిలో పనికీ కరువు లేదు. వానల్లో మొక్కలు నాటాలి, నర్సరీలు చూడాలి, చలికాలంలో కందకాలు తవ్వాలి, చెక్‌డ్యాములు బాగుచేయాలి, ఆపైన లైన్లు. ఇదంతా ఇప్పుడు ముక్కలుగా వేర్వేరు చేతుల్లో జరుగుతోంది. బీటుకి నలుగుర్ని ఎంచుకుని ఆ ముక్కలన్నీ వాళ్లకే అప్పగిస్తే పన్నెండు నెలల ఉద్యోగమవుతుంది. అగ్గి మీద పెట్టే ఖర్చు తగ్గుతుంది కూడా, ఎందుకంటే లైను గీరినవాడే మంట ఆర్పాల్సి వస్తే లైను నిజాయితీగా గీరుతాడు.

అంత దూరం ఇప్పుడే రాలేమంటారా, సరే. ముందు చిన్నది చేయండి. వచ్చే జూన్‌లో సీజను ముగించేటప్పుడు ప్రతి వాచరుకీ రేంజి ఆఫీసు ముద్రతో ఒక కాగితం ఇవ్వండి. ఏ బీటు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని రోజుల హాజరు, ఎంత కూలి చెల్లించారు, అంతే. కోర్టుకి వెళ్లాలన్నా, రేపు బీట్ ఆఫీసరు నియామకాల్లో అనుభవానికి మార్కులు పెట్టాలన్నా, పోయిన మనిషి కుటుంబానికి పరిహారం అడగాలన్నా ఆ కాగితమే ఆధారం. మా చోడవరం, మాడుగుల ఎమ్మెల్యేలిద్దరికీ ఈ విన్నపం రాతపూర్వకంగా ఇస్తున్నాను. మీ ఊరి పక్కన కొండ ఉంటే మీరూ మీ ఎమ్మెల్యేకి ఇవ్వండి.