కామెంటరీ లేని మిర్చి కల్లం

నందిగామ, జగ్గయ్యపేటల్లో కెమెరా పట్టేవాళ్లకు కొదవ లేదు. పెళ్లిళ్ల సీజన్లో డ్రోన్ ఎగరని ఫంక్షన్ హాలు అరుదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు వెళ్లిన కుర్రాళ్లు ఆ రాత్రికే రీలు పెట్టేస్తారు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగినప్పుడు ఆ నీళ్లను ఎన్ని ఫోన్లు తీశాయో లెక్కే లేదు. అన్నీ ముక్కలే. ముక్క ముక్క మీదా ఒక గొంతు అరుస్తుంటుంది, వెనకాల సినిమా పాట మోగుతుంటుంది. డాక్యుమెంటరీ శిక్షణ అనగానే నాకు ముందు తోచేది ఆ గొంతును ఆపడం ఎలాగన్నదే. కెమెరా మీటలు వారంలో పట్టుబడతాయి. నోరు కట్టుకుని చూడటం అబ్బడానికి మాత్రం ఒక వేసవైనా కావాలి.

వేసవి శిబిరంలాగా కొద్ది వారాలు గట్టిగా కూర్చోబెట్టి నేర్పే పద్ధతికి ఒక చరిత్ర ఉంది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన మొజాంబిక్ తన దేశంలోని మార్పుల్ని చిత్రించమని ఫ్రెంచి దర్శకుల్ని అడిగితే, వాళ్లలో ఒకడైన జాన్ రూష్ మేమొచ్చి తీయడమెందుకు, మీవాళ్లకే నేర్పుదామన్నాడు. 1978లో సూపర్ 8 అనే చిన్న ఫిల్మ్ కెమెరాలతో అక్కడి వాళ్లకు నేర్పారు. ఆ అనుభవంలోంచి 1981లో పారిస్‌లో అతెలియే వరాన్ అనే బడి పుట్టింది. అక్కడ ఉపన్యాసాలు తక్కువ. చేరిన ప్రతివాళ్లూ సొంతంగా ఒక సినిమా తీయాలి, తీసిన దాన్ని అందరి మధ్యా కూర్చుని చూడాలి. ఈ కలిసి చూడటమే అసలు పాఠమని నా నమ్మకం. తెర మీద లేనిదాన్ని తీసినవాడు నోటితో పూడుస్తుంటే, ఏ షాట్ తప్పిపోయిందో పక్కవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

మన భాషలో ఇందుకు పెద్ద ఉదాహరణ జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి దళిత రైతు స్త్రీలకు 1990ల చివర్లో వీడియో నేర్పింది. సొసైటీని నడిపిన పి.వి.సతీష్ ఒకప్పటి దూరదర్శన్ నిర్మాత. నేర్చుకున్నవాళ్లలో చాలామందికి చదువు రాదు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడి, 2003లో వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపమెందుకో చూపిస్తూ సినిమా తీశారు. ఒక్కరోజు వెళ్లి నాలుగు బైట్లు పట్టుకుని రాలేదు. పంటకాలం పొడుగునా అవే చేలకు మళ్లీ మళ్లీ వెళ్లారు. అవతలి మనిషి కళ్ల ఎత్తులో కెమెరా పెట్టి తీసేదాన్ని వాళ్లు సంఘం షాట్ అంటారు. సంఘంలో అందరూ నేలమీద సమానంగా కూర్చుంటారు మరి! కోణాల గురించి ఇంతకంటే సూటి పాఠం నేను ఏ ఫిల్మ్ స్కూలు పుస్తకంలోనూ చూడలేదు. ఆ చెయ్యి తిరగడానికి వాళ్లకు ఏళ్లు పట్టిన మాట నిజమే. వేసవి శిబిరం అక్షరాలు దిద్దించగలదు, అంతే.

మన మెట్టలో ఆ అక్షరాలు దిద్దడానికి మిర్చి కల్లాన్ని మించిన పలక లేదు. పరిచిన ఎర్ర కాయల మీద డ్రోన్ ఎగరేస్తే అర నిమిషం బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ తర్వాత చెప్పడానికేమీ ఉండదు. అదే కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ల దగ్గర కూర్చోండి. మొదటి గంట కెమెరా బయటికి తీయకండి. వాళ్లు మిమ్మల్ని చూసి నవ్వుకోవడం, కొంగు సర్దుకోవడం మానేశాక మొదలుపెట్టండి. చెయ్యి కాయను అందుకుని, తాలో మంచిదో తేల్చి, పక్కకు వేసేదాకా షాట్ కోయకూడదు. పనిని మొదలు నుంచి చివరిదాకా తీయడం తొలి పాఠం. అదే పనిని మూడు దూరాల నుంచి తీయడం రెండోది: కల్లం మొత్తం, మనిషి, వేళ్లు. ఈ మూడూ లేకుండా ఎడిటింగుకు కూర్చుంటే ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు. ఘాటుకు దగ్గు వస్తుంది, తీసేవాడికీ వాళ్లకీ. ఆ దగ్గును మైకులో పడనివ్వండి. పొద్దస్తమానం ఆ ఘాటులో కూర్చునే కూలీ గురించి అది చెప్పినంత ఏ కామెంటరీ చెప్పలేదు.

శబ్దాన్ని మనవాళ్లు బొత్తిగా పట్టించుకోరు. హైవే పక్క ఊళ్లలో లారీ హారను మాటను మింగేస్తుంది, అందుకని కాలర్ మైకు, దానికి గాలి కొట్టకుండా స్పాంజి తొడుగు తప్పనిసరి. సంభాషణ అయ్యాక అందరూ కదలకుండా ఉండి ఆ చోటి చప్పుడును ఒక నిమిషం రికార్డు చేసుకోవాలి. రెండు మాటల మధ్య అతుకు చెవికి తెలియకుండా చేసేది ఆ నిమిషమే. ఇక ఎండ. నడిమధ్యాహ్నం కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, ఫోను వేడెక్కి ఆగిపోతుంది. పొద్దున్నే తీసి, మధ్యాహ్నం నీడపట్టున తీసింది చూసుకుని, మళ్లీ నాలుగున్నరకు బయల్దేరాలి. శిబిరానికి టైంటేబులు మన ఎండే వేసి పెడుతుంది.

అడగడంలోనూ ఒడుపుంది. "ఈ ఏడు బాగా నష్టపోయారు కదండీ?" అంటే "అవునండీ" అని ఊరుకుంటారు. "కాయ గుంటూరు యార్డుకు తోలిన రోజు ఏం జరిగింది బాబాయ్?" అంటే కథ మొదలవుతుంది. చెప్పడం అయిపోయిందనిపించాక కూడా కాసేపు పెదవి విప్పకండి. అసలు మాట చాలాసార్లు ఆ ఖాళీలోనే పడుతుంది.

కష్టమైన పాఠానికి జగ్గయ్యపేట వెళ్లాలి. ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. చక్రవర్తి చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాణేలు కురిసే మాంధాత శిల్పం ఇక్కడిదే. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఇక్కడ ఆయక స్తంభాలనే స్తూపపు కంబాలు నిలబెట్టి, తల్లి, భార్య, పిల్లల పేర్లతో సహా శాసనం చెక్కించాడు. సినిమా చివర వచ్చే పేర్ల పట్టీకి అది తాతలాంటిది. కెమెరా ముందు మిగిలింది మాత్రం ఇటుకలు, రాళ్లు, గాలి. లేనిదాన్ని ఎలా చూపిస్తారు? ఇక్కడే కామెంటరీ రాసేయాలని చెయ్యి దురద పెడుతుంది. రాయకండి. ఆ శిల్పాలకు వాడింది ఈ ప్రాంతపు సున్నపురాయే. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేదీ సున్నపురాయి మీదే. బోడు మీది పలకను, క్వారీ లారీని పక్కపక్కన పెట్టండి. రెండు షాట్ల మధ్య జరిగే ఆలోచన ప్రేక్షకుడిది, దాన్ని ఆయనకే వదిలేయాలి.

తీసినదాన్ని ముందుగా అందులో ఉన్నవాళ్లకే చూపించాలి. వద్దన్న ముక్క తీసెయ్యాలి. ఈ మర్యాద పాటించనివాళ్లు ఎంత బాగా తీసినా నేను వాళ్లను ఈ విద్యలో చేర్చుకోను.

ఖర్చు గురించి భయపడక్కర్లేదు. ఫోన్లు పిల్లల దగ్గర ఉన్నాయి, ఎడిటింగు తెలిసినవాళ్లు మన పెళ్లి వీడియో స్టూడియోల్లోనే ఉన్నారు. నందిగామలోనో పేటలోనో ఏదైనా కాలేజీ ఈ వేసవికి రెండు గదులు, ఒక ప్రొజెక్టరు, ఒక ప్రింటరు ఇవ్వగలిగితే పదిమందితో శిబిరం మొదలవుతుంది. అలాంటి కాలేజీలో మీకు తెలిసినవాళ్లుంటే, సెలవులు ఇవ్వకముందే వెళ్లి అడగండి.