అన్యాయఖండనమున వాక్కు నిలుచుటెట్లు? మొంతెసీనోస్, లాస్ కాసాస్, రొమేరోల కృతుల పరిశీలనము

అన్యాయమును, లంచగొండితనమును ఖండించుట మతాచార్యుల విధులలో నొకటి. కాని ఖండించిన ప్రతి వాక్కు నిలువదు. కొన్ని ప్రసంగములు దేవాలయపు గడప దాటకముందే అణగిపోవును. కొన్ని శాసనములను కదల్చి, శతాబ్దముల తరువాతను చదువబడుచుండును. ఈ భేదమునకు వక్త యొక్క ఆవేశము కారణమా, పదవి కారణమా, లేక మాటను కూర్చిన తీరు కారణమా యను ప్రశ్న సాహిత్యవిమర్శకు చెందినదే. స్పానిషు భాషలో కథోలిక గురువులు వెలువరించిన మూడు కృతులు ఈ పరిశీలనమునకు చక్కగా ఉపకరించును. అవి 1511లో ఆంతోనియో దె మొంతెసీనోస్ చేసిన ప్రసంగము, 1552లో బర్తొలొమె దె లాస్ కాసాస్ ముద్రించిన వినాశవృత్తాంతము, 1977 మొదలు 1980 వరకు ఓస్కార్ రొమేరో చేసిన ఆదివారపు ప్రసంగములు.

16వ శతాబ్దారంభమున కరీబియను సముద్రమునందలి హిస్పానియోలా ద్వీపమున స్పానిషువారు స్థిరపడి, అచ్చటి ప్రజలను తమలో తాము పంచుకొని, బంగారు గనులలో వెట్టిచాకిరి చేయించుకొనుచుండిరి. ఈ పంపకమునకు ‘ఎంకోమియెండా’ యని పేరు. 1511 డిసెంబరు 21వ తేదీ ఆదివారమున, సాంతో దొమింగో పట్టణమున, కొలంబసు కుమారుడును ద్వీపపాలకుడును అగు దియెగో కొలోన్ మొదలగువారి సమక్షమున, దొమినికను సభకు చెందిన మొంతెసీనోస్, అచ్చటి ప్రభువులందరు మహాపాపములో నున్నారని పలికెను. ప్రశ్నల వరుస ఆ ప్రసంగమునకు ప్రాణము. ఏ హక్కుతో ఈ పని చేయుచున్నారని అడిగి అడిగి, శ్రోతకు సమాధానము దొరకని స్థితి కల్పించుటలో దాని నేర్పున్నది. అంతకంటె గమనింపదగినది దాని కర్తృత్వము. అది ఒక్కని రచన కాదు. మఠసోదరులు కలిసి కూర్చి, సంతకములు చేసి, మొంతెసీనోస్ నోట పలికించిరి. మాటను ఉపసంహరించుకొమ్మని పెద్దలు పట్టుపట్టగా, అతడు మరుసటి ఆదివారమున దానినే మరింత గట్టిగా చెప్పెను. 1512లో వెలువడిన బుర్గోస్ శాసనములు ఆ చాకిరిని కొంత క్రమపరచినవే కాని పంపకమును తొలగింపలేదు. ప్రశ్న మనస్సాక్షిని కలచగలదు. చట్టమును మార్చుటకు సాక్ష్యము కావలెను.

ఆ సాక్ష్యమును సమకూర్చబూనినవాడు లాస్ కాసాస్. మొంతెసీనోస్ ప్రసంగము నేడు లభించుచున్నది ఇతని చరిత్రగ్రంథము వలననే. ఇతడు మొదట తానును ఎంకోమియెండా కలవాడు. గురువైన పిమ్మటను దానిని విడువలేదు. 1514లో ప్రసంగమునకు సిద్ధపడుచు, పేదల సొత్తుతో అర్పించు బలి దేవునకు గిట్టదను వేదభాగమును మననము చేసి, తన పాలి మనుష్యులను విడిచిపెట్టెను. ఖండించుటకు ముందు వదలుకొనుట ఇతని వాక్కునకు అర్హత నిచ్చినది. స్పెయిను రాజు 1542లో చేసిన నూతన శాసనములలో ఇతని కృషికి గొప్ప భాగము కలదు.

అయినను ఇతని వినాశవృత్తాంతమున రెండు లోపములు కలవు. మొదటిది అంకెలు. మృతుల సంఖ్యలను లక్షలతోను కోట్లతోను చెప్పుటలో అతిశయోక్తి మిక్కుటము. అందుచేత నిజమైన ఘోరమును సయితము శంకించుటకు ప్రతిపక్షులకు వీలు చిక్కినది. రెండవది పేర్లు. ఆ గ్రంథమున దండనాయకులు పెక్కుచోట్ల ‘ఒక క్రూరుడు’గా మాత్రమే కనబడుదురు; చచ్చినవారు గుంపులుగా చత్తురు. క్రూరుని పేరు లేని నేరము క్రమముగా ఒక జాతి మీది నేరారోపణగా మారును. స్పెయినునకు శత్రువులైన దేశములవారు ఆ పుస్తకమును అట్లే వాడుకొనిరి. వీనికి తోడు మరియొక మచ్చ యున్నది. ద్వీపవాసుల భారము తగ్గించుటకై ఆఫ్రికా బానిసలను తెప్పింపవచ్చునని ఇతడు ఒకప్పుడు సూచించెను. పిదప తన చరిత్రగ్రంథమున ఆ సూచనను తానే గర్హించుకొనెను. ఆ ఆత్మగర్హణము ఇతని రచనలలో మిక్కిలి విలువైనది.

నాలుగు శతాబ్దములు గడచిన పిమ్మట, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వదోరు దేశమున రొమేరో ఈ లోపములను పూరించెను. ఇతడును మొదట మౌనియే. 1975లో త్రెస్ కాయెస్ గ్రామమున రక్షకభటులు కర్షకులను చంపగా, పీఠాధిపతిగా నున్న ఇతడు దేశాధ్యక్షునకు ఆంతరంగికముగా లేఖ వ్రాసి ఊరకుండెను. 1977 ఫిబ్రవరిలో అగ్రపీఠాధిపతి యయ్యెను. మార్చి 12న, కర్షకులతో పనిచేయుచుండిన యేసుసభ గురువు రుతీలియో గ్రాండేను, ఆయన వెంట నున్న ఒక వృద్ధుని, ఒక బాలుని దారిలో కాల్చి చంపిరి. అటుపిమ్మట రొమేరో బహిరంగముగా మాటాడసాగెను.

ఆ ప్రసంగములకు ఒక నిర్మాణము కలదు. మొదట వేదవ్యాఖ్యానము, పిదప ఆ వారపు సంఘటనలు. చంపబడినవాని పేరు, ఊరు, తేదీ, పట్టుకొనిపోయిన దళము వరుసగా చెప్పబడును. పీఠమునకు చెందిన న్యాయసహాయ కార్యాలయము ఆ వివరములను విచారించి అందించుచుండెను. అలంకారము లేని ఆ జాబితాను ప్రజలు రేడియోలో ఊపిరి బిగబట్టి వినిరి. ప్రసారకేంద్రమును శత్రువులు బాంబులతో పేల్చిరి.

1978 ఏప్రిల్ 30న ఇతడు అమ్ముడుపోవు న్యాయాధిపతులను నిందించెను. ఆ అవినీతిపరుల పేర్లు చెప్పుమని సర్వోన్నత న్యాయస్థానము బహిరంగముగా అడిగెను. అది ఉచ్చు. చెప్పిన పరువునష్టము, చెప్పకున్న అసత్యము. మే 14న, పెంతెకోస్తు ఆదివారమున, రొమేరో ఆ ఉచ్చును దాటెను. దోషము కొందరు వ్యక్తులది మాత్రమే కాదనియు, నిర్బంధితులను న్యాయస్థానము ఎదుటికి రప్పించు హక్కు మొదలైన రాజ్యాంగ హామీలను కాపాడని న్యాయస్థానముదే అసలు లోపమనియు, ఒక్కొక్క విషయము నెత్తి చూపెను. బాధితుని పేరుతో చెప్పుట, దోషమును వ్యవస్థలో చూపుట అను ఈ రెంటి కలయిక వినాశవృత్తాంతమున లేదు.

ఈ ప్రసంగములు దోషరహితములు కావు. గంటకు మించి సాగును. చదువరికి పునరుక్తి తోచును. తోడి పీఠాధిపతులలో పలువురు వీనిని రాజకీయమని నిరసించిరి. కాని ప్రభుత్వదళముల హింసతోపాటు తీవ్రవాదుల హత్యలను, శ్రీసభలోని పాపములను సయితము ఇతడు ఖండించెను గనుక ఆ నిరసన నిలువదు. 1980 మార్చి 23న, చంపుమను ఆజ్ఞను పాటింపవద్దని సైనికులను వేడుకొనెను. మరునాడు దివ్యపూజ చేయుచుండగా హతుడయ్యెను. 1993లో ఐక్యరాజ్యసమితి సత్యశోధక సంఘము ఆ హత్యకు ఆజ్ఞ యిచ్చినవానిగా మాజీ సైన్యాధికారి రోబెర్తో దబ్యూసోన్‌ను పేర్కొనెను. 2018 అక్టోబరు 14న శ్రీసభ రొమేరోను పునీతునిగా ప్రకటించెను.

ఈ మూడు కృతులను సరిపోల్చగా తేలునది యిది. ప్రశ్న శ్రోతను మేల్కొల్పును. పేరు, ఊరు, తేదీలతో కూడిన సాక్ష్యము పాలకుని నిలదీయును. ఆ రెంటికిని అర్హత కలుగుట, పలుకువాడు తననుకూడ అదే తీర్పునకు లోబరచుకొన్నప్పుడే. పరుల పాపమును మాత్రమే ఎరిగిన ధర్మబోధ ఎంత గట్టిగా పలికినను గోడను తాకి మరలివచ్చును.