పొయ్యి వాళ్ళది

ఆదివారం ఉదయం ఏడింటికల్లా మా వరండాలో రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు, ఒక కాటా, మా అమ్మ వాడిన ఇత్తడి సోల, ఒక పాత చేట సర్దిపెట్టుకుంటాం. తెనాలిలో కాలవ పక్కన ఉన్న మా వీధికి ముప్ఫై గడపలు. వారం పొడుగునా వంటకి కొలిచిన బియ్యంలోంచి పిడికెడేసి తీసి పక్కన వేసిన డబ్బాలు ఒక్కటొక్కటే వస్తాయి. ఒకరు హార్లిక్స్ సీసాలో పంపుతారు, ఒకరు బిస్కెట్ల డబ్బాలో, ఒకరు మూతపోయిన పాల క్యానులో. పిల్లల చేత పంపితే దారంతా కాసిని ఒలకబోసుకుంటూ వస్తారు. ఆ ఒలికినవి పిచ్చుకల వాటా.

నా పిడికిట్లో ఎన్ని పడతాయో ఒకసారి కాటా మీద చూశాను. 45 గ్రాములు. రెండు పూటలా తీస్తే నెలకి 2.7 కిలోలు. ముప్ఫై ఇళ్ళకి 81 కిలోలు. ఈ లెక్క చూసిన రోజున నాకు కళ్ళు చెమర్చాయి. అన్ని ఇళ్ళలోనూ ఒక్కరికైనా కంచంలో మెతుకు తగ్గలేదు మరి.

ఇది 2020లో మొదలైంది. లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయన ఇంట్లో పొయ్యి వెలగడం లేదని మాకు మూడో రోజుకి గాని తెలియలేదు. పదిహేనేళ్ళుగా మా ఇళ్ళన్నిటి బట్టలూ ఇస్త్రీ చేసిన మనిషి. అడగడానికి ఆయనకి నోరు రాలేదు, అడిగి తెలుసుకోవాలని మాకు తట్టలేదు. ఆ పూట నేను క్యారేజీలో అన్నం, పప్పు సర్ది తీసుకెళితే ఆయన భార్య అందుకుని, దణ్ణం పెట్టి, చాలా నెమ్మదిగా ఒక మాటంది. "సరుకులుంటే నేనే వండుకుంటానమ్మా. పిల్లలకి నా చేతి పులుసే ఇష్టం."

ఆ మాట విన్నప్పటి నుంచీ నా ఆలోచన మారింది. వండిన అన్నం ఆ పూట ఆకలి తీరుస్తుంది. సరుకులు ఇస్తే ఆ ఇంటి ఇల్లాలు తన పొయ్యి తను వెలిగించుకుంటుంది. ఏం వండాలో, ఎప్పుడు వండాలో, ఎవరికి ముందు పెట్టాలో తనే చూసుకుంటుంది. పేదరికంలో మనిషి చేతిలోంచి మొదట జారిపోయేవి ఇలాంటి చిన్న చిన్న పెత్తనాలే.

అన్నదానాన్ని తక్కువ చేసి మాట్లాడను. తెలుగు నేల మీద ఆ మాట అనే అర్హత ఎవరికీ లేదు. కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూసేదాకా గోదావరి దాటి వచ్చిన బాటసారికి వేళ కాని వేళలో కూడా వండి వడ్డించారు. ఈనాడు ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు, తగిన పేరు. మా తెనాలి అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకి భోజనం చేసే రిక్షా తాతల్ని, ఆస్పత్రి పని మీద పల్లెల నుంచి వచ్చినవాళ్ళని నేను చూస్తూనే ఉంటాను. దారిలో ఉన్నవాడికి, పొయ్యి లేనివాడికి వండినదే పెట్టాలి. పొయ్యి ఉండి అందులోకి ఏమీ లేని ఇల్లు వేరు. ఆ ఇంటివాళ్ళు బంతికి రారు, వరసలో నిలబడరు. పక్కింటివాళ్ళే కనిపెట్టాలి.

పిడికెడు బియ్యం మేం కనిపెట్టిన పద్ధతేమీ కాదు. కంచి పరమాచార్యులు ఇల్లిల్లూ గుప్పెడు బియ్యం తీసిపెట్టమని చెప్పారు. వినోబా భావే సర్వోదయ పాత్ర అని పేరుపెట్టి, ఆ గుప్పెడూ ఇంట్లో పసివాడి చేత వేయించమన్నారు. ఇవ్వడం పిల్లల చేతికి అలవాటు కావాలని ఆయన ఆలోచన. చర్చి ఆడవాళ్ళు వంట బియ్యంలోంచి పిడికెడు తీసి ఆదివారం ప్రార్థనకి తేవడం మా వైపు పాత సంగతి. రంజాన్ పండగ నమాజు కంటే ముందే ఫిత్రా ఇచ్చేయాలన్న నియమం నాకు మరీ ఇష్టం. పండగ పూట పేద ఇంట్లో పొయ్యి మన పొయ్యితో పాటే వెలగాలి కదా, నమాజయ్యాక ఇస్తే ఏం లాభం? మా వీధిలో డబ్బా తెచ్చేవాళ్ళలో ఈ మూడు దారులవాళ్ళూ ఉన్నారు. డ్రమ్ములో పడ్డాక ఏ గింజ ఎవరిదో తెలియదు.

అసలు చిక్కు ఆ డ్రమ్ము దగ్గరే వచ్చింది. రెండో ఏడు అనుకుంటాను, మా దగ్గర బియ్యం తీసుకెళ్ళే ఒకామె గుమ్మం దగ్గర తటపటాయిస్తూ నిలబడింది. "ఏమనుకోమాకండి టీచరుగారూ, బియ్యం ఉడకట్లా" అంది. "ఉడకకపోవడమేంటమ్మా?" అన్నాను. "సన్నగింజలేమో జావయిపోతన్నయి, లావు గింజలు పలుకు మీదే ఉంటన్నయి. మా పిల్లలు ఏరుకుని తింటన్నారు."

ఆ రాత్రి ఆ బియ్యమే సోలెడు వండించుకుని తిన్నాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ముప్ఫై ఇళ్ళ బియ్యం ఒకచోట పోస్తే అందులో పాత బియ్యం, కొత్త బియ్యం, సన్నాలు, స్టోరు బియ్యం అన్నీ కలుస్తాయి. కొత్త బియ్యానికి నీళ్ళు తక్కువ చాలు, పాతవాటికి ఎక్కువ పట్టాలి. అవన్నీ ఒకే గిన్నెలో ఒక్కలా ఎలా ఉడుకుతాయి? మాకు ఈ సంగతి తెలియక కాదు, తినేది మేం కాదు కాబట్టి తట్టలేదు. ఇంతకంటే పెద్ద తప్పు ఇచ్చేవాళ్ళు చేయలేరు.

అప్పటి నుంచే రెండు డ్రమ్ములు. ఒకదాంట్లో పాత సన్నబియ్యం, ఇంకోదాంట్లో మిగతావి. రెండోదాంట్లోవి పిండి పట్టించి అట్లకీ, చలిమిళ్ళకీ ఇస్తాం. సన్నబియ్యమంటే మా వైపు బీపీటీయే. దేశమంతా సాంబ మసూరి అని పిలుచుకునే బీపీటీ 5204 రకం బాపట్లలో పుట్టింది, 1986లో విడుదలైంది. ఆ మూడక్షరాలూ మా పక్క ఊరి పేరే. ఇంత పేరున్న బియ్యం పండే డెల్టాలో, ఒక తల్లి పిల్లలకి పలుకు అన్నం పెట్టడమేమిటన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటి, కోతకొచ్చిన చేలన్నీ పడుకున్నప్పుడు, ఆ తరువాత వచ్చిన కొత్త బియ్యంలో రంగు మారినవీ నూకలూ ఎక్కువగా కనిపించాయి. ఆ నెలల్లో చేట పట్టుకుని కూర్చునేవాళ్ళు ఇద్దరు చాల్లేదు, ఐదుగురు కావలసి వచ్చింది.

ఆపద వచ్చిన రోజున మనవాళ్ళు వెనకాడరు. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత సినిమా హీరోలు జోలె పట్టి వీధుల్లో తిరగడం ఆనాటి పెద్దలందరికీ గుర్తే. 2024 సెప్టెంబరులో కృష్ణ పొంగి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, బ్యారేజీ చరిత్రలో అంతకు మించింది లేదు. కొల్లూరు వైపు పెసర్లంక, పోతార్లంక, రేపల్లె వైపు పెనుమూడి, ఆ ఏటిగట్టు ఊళ్ళన్నీ బిక్కుబిక్కుమన్నాయి. ఆ రెండు రోజులూ మా వీధిలో అందరం నిద్ర మానేసి పులిహోర కలిపాం. మాలాగే ప్రతి ఊరూ కలిపింది. ఆటోలో పొట్లాలు వేసుకుని గట్టు మీదికి చేరేసరికి అక్కడ అప్పటికే మూడు వ్యాన్ల పొట్లాలు దిగి ఉన్నాయి. సగం వెనక్కి తెచ్చి పశువులకి పెట్టాల్సి వచ్చింది. అంతమంది చేతి కష్టం అలా పోయింది.

పన్నెండో రోజున మళ్ళీ వెళ్ళాం. నీళ్ళు తీశాయి, వ్యాన్లు లేవు. ఒక ఇంటి ముందు పట్టా పరిచి బియ్యం ఎండబోశారు. బస్తా అడుగున మూడు రోజులు నానిన బియ్యం, దగ్గరికెళ్ళకుండానే పులిసిన వాసన. అరటి తోటలు పడిపోయాయి, పసుపు చేలల్లో దుంప కుళ్ళుతోంది, కూలి పని ఇంకో నెల్లాళ్ళకి గాని దొరకదు. ఆ ఇంటి పెద్దావిడ ఆ బియ్యాన్ని చేత్తో కెలుకుతూ, "కడిగి వండితే తినొచ్చేమో చూస్తన్నానమ్మా" అంది. సరుకులు అసలు కావలసింది అప్పుడు. పులిహోర పొట్లాల రోజున నూరు మందిమి ఉన్నాం, ఆ రోజున నలుగురమే ఉన్నాం. అప్పటి నుంచి మాదొకటే కట్టుబాటు. వరద వస్తే వండి పంపే పని అది చేయగలిగినవాళ్ళకి వదిలేసి, డ్రమ్ము తాకకుండా ఉంచుతాం. నీళ్ళు తీసిన మర్నాటి నుంచీ మా పని మొదలవుతుంది.

సరుకులంటే ఏం సరుకులన్నదీ ఆలోచించాలి. ఆహార భద్రత చట్టం కింద కార్డున్న ఇంట్లో మనిషికి నెలకి ఐదు కిలోల బియ్యం ఉచితంగా వస్తున్నాయి. కాబట్టి చాలా ఇళ్ళలో బియ్యం గండం కొంత గట్టెక్కింది. బియ్యంలోకి కావలసినవే లేవు. కందిపప్పు, నూనె, చింతపండు, ఎండుమిర్చి, ఉల్లిపాయలు, ఒక సబ్బు, కాస్త టీ పొడి. పచ్చడి మెతుకులతో రోజులు గడుపుతున్న ఇంట్లో పిల్లలకి లోటు పడేది పప్పే. ఈ సంగతి తెలిశాక మేం మా డబ్బాల పద్ధతి కొంచెం మార్చాం. నెలలో రెండు వారాలు బియ్యం బదులు పిడికెడు కందిపప్పు తీయమన్నాం. మొదట్లో కొందరు జంకారు, పప్పు ధర పప్పు ధరే మరి. పిడికెడు కుదరనివాళ్ళు కుదిరినంతే తీసుకొస్తారు. ఏ ఇంటి నుంచి ఎంత వచ్చిందో ఎవరూ తూచరు, రాయరు.

అమెరికాలో ఉన్న మా అక్కయ్య కూతురు శనివారం పూట వాళ్ళ ఊరి ఫుడ్ ప్యాంట్రీలో పనిచేసి వస్తుంది. 1967లో అరిజోనాలో జాన్ వాన్ హెంగెల్ అనే పెద్దమనిషి మొదటి ఫుడ్ బ్యాంకు పెట్టాడని, అక్కడి నుంచి ఆ పద్ధతి దేశదేశాలకీ పాకిందని చెప్పింది. తానా లాంటి మన సంఘాలవాళ్ళు కూడా అక్కడ సరుకులు పోగుచేసి ఇస్తుంటారట. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ఇంకో మాట. "మేం పొట్లాలు కట్టం పిన్నీ. అరల్లో సర్ది పెడతాం, వాళ్ళకి కావలసినవి వాళ్ళు తీసుకుంటారు" అంది.

కిందటేడు ఆ పద్ధతిని బాపట్ల దగ్గర ఒక మత్స్యకారుల పల్లెలో మేమూ చేసి చూశాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం, ఆపకపోతే రేపటికి చేపే ఉండదు, నిషేధం న్యాయమైనదే. వేటకి వెళ్ళే మనిషి పేరున ప్రభుత్వం ఇరవై వేలు ఇస్తోంది. గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆడమనిషి పేరు ఆ జాబితాలో ఉండదు. ఎండు చేపలు ఆరబెట్టే ముసలామె పేరూ ఉండదు. ఆ రెండు నెలలూ గంప మూలనే ఉంటుంది.

ఒక పాక నీడలో చాప పరిచి, సరుకులు కుప్పలుగా పోసి, ఇంటికి ఐదు రకాలు తీసుకోమన్నాం. ఎగబడతారేమోనని మాలో కొందరు భయపడ్డారు. ఎవ్వరూ ఎగబడలేదు. బియ్యం దాదాపు అలాగే ఉండిపోయాయి. నూనె, చింతపండు, టీ పొడి ముందు అయిపోయాయి. ఒకామె నాలుగే తీసుకుని, "అయిదోది మా ఎదురింటామెకి ఉంచండి, బాలింత, రాలేకపోయింది" అని చెప్పి వెళ్ళిపోయింది. చింతపండు ఎందుకంత కావాలని అడిగితే నవ్వారు. పులుసు లేకుండా ఏం తింటామన్నారు. మేం పొట్లాలు కట్టిన రెండేళ్ళలో అందులో చింతపండు వంద గ్రాములు మించి పెట్టలేదు.

ఇచ్చేటప్పుడు మేం ఫోటో తీయం. ఎవరైనా ఫోను పైకెత్తితే చేయి పట్టుకుని దించేస్తాం. సరుకులు తీసుకున్న ఇస్త్రీ ఆయన పెద్దబ్బాయి ఇప్పుడు ఆదివారం ఉదయం మా వరండాలో కాటా పట్టుకుంటున్నాడు. డిగ్రీ రెండో ఏడు. ఆ ఇంటి నుంచి ఒక డబ్బా కూడా వస్తుంది, అది ఎప్పుడు మొదలైందో మాలో ఎవరూ గమనించలేదు.

ఇంకో మూడు వారాల్లో ఏప్రిల్ 15 వస్తుంది. ఈ ఆదివారం తూచి చూస్తే మా దగ్గర కందిపప్పు 11 కిలోలు, నూనె ప్యాకెట్లు తొమ్మిది, చింతపండు నాలుగు కిలోలు ఉన్నాయి. మేం వెళ్ళాల్సిన పల్లెలో నలభై రెండు ఇళ్ళు. తెనాలిలో, రేపల్లెలో, బాపట్లలో ఈ కాలమ్ చదివేవాళ్ళు మా వీధికి పంపనక్కరలేదు. మీ వీధిలోనే ఒక డ్రమ్ము పెట్టండి. రేపు వంటకి బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు పక్కన వేయండి, పప్పు కొలిచేటప్పుడు ఇంకో పిడికెడు. చింతపండు మాత్రం కాస్త ఎక్కువే పెట్టండి.