తేడా ఉన్న ఒక్క లైను

ఏపీ ఫైబర్‌నెట్ తీగ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లకు చేరింది. నంద్యాల, ఆళ్లగడ్డ వంటి చోట్ల ఇలాంటి తీగలను ఓఎల్‌టీ అనే పెట్టెకు కలుపుతారు. దాని ఒక్క పోర్టు స్ప్లిటర్ల ద్వారా 64 ఇళ్లకు కనెక్షన్ ఇవ్వగలదు. ఏ ఇంటికి ఎంత స్పీడు, ఏ వీలాన్ (నెట్‌వర్క్ విభాగం) అన్న సెట్టింగులు రెండుచోట్ల ఉంటాయి: ఓఎల్‌టీలో, దూరంగా ఉండే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌లో. సాఫ్ట్‌వేర్ ఆగినా నెట్ ఆగదు. చిక్కంతా సాఫ్ట్‌వేర్ మళ్లీ లేచినప్పుడే. ఈలోగా ఆళ్లగడ్డ ఆపరేటర్ ఎవరింట్లోనో పిడుగుకు కాలిపోయిన ఓఎన్‌టీ అనే ఇంటి పెట్టెను మార్చి, కొత్తదాని సీరియల్ నంబరును నేరుగా ఓఎల్‌టీలో ఎక్కించి ఉండవచ్చు. డేటాబేస్‌లో ఉన్నదే సరైనదనుకుని ఓఎల్‌టీలో అంతా తిరగరాస్తే ఆ ఇంటికి నెట్ పోతుంది. పనితనం తెలిసిన సాఫ్ట్‌వేర్ తొందరపడదు. ముందు ఓఎల్‌టీలో ఇప్పుడున్న సెట్టింగులను చదువుకుంటుంది. పద్దు సరిచూసే గుమాస్తాలా లైను తర్వాత లైను తన లెక్కతో పోలుస్తుంది. తేడా వచ్చిన సీరియల్ నంబరును మాత్రమే ఇంజనీరు ముందు పెడుతుంది. ఆయన సరేనంటే డేటాబేస్‌లో ఆ ఒక్క లైనే మారుతుంది. తక్కిన 63 ఇళ్లలో సినిమా ఆగదు, ఆన్‌లైన్ క్లాసు ఆగదు. ఆ తర్వాత ఓఎల్‌టీలో సేవ్ కమాండ్ ఇస్తారు. అది మరిచిపోతే, కరెంటు పోయి ఓఎల్‌టీ రీబూట్ అయినప్పుడు పాత నంబరే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.