రేడియో ప్రసార కేంద్రాల వర్గీకరణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

రేడియో కేంద్రాలు ఎన్ని రకాలు అని పరీక్షలో అడిగితే విద్యార్థులు సాధారణంగా రెండు జాబితాలు రాస్తారు. మొదటిది సాంకేతికం: మీడియం వేవ్, షార్ట్ వేవ్, ఎఫ్.ఎం. రెండవది యాజమాన్యానికి సంబంధించినది: ప్రభుత్వ, వాణిజ్య, సామాజిక కేంద్రాలు. రెండూ సరైనవే, మార్కులూ వస్తాయి. కానీ ఒక కేంద్రం విలువను అంచనా వేయడానికి ఇవి చాలవు. మైకు ఎవరి చేతిలో ఉంది? వారు దేని గురించి మాట్లాడవచ్చు? శ్రోత తిరిగి మాట్లాడే వీలుందా? ఈ మూడు ప్రశ్నలు కూడా వేసుకోవాలి. ఈ వ్యాసంలో వాటి ఆధారంగా మన ప్రాంత రేడియో చరిత్రను పరిశీలిద్దాం.

1. సాంకేతిక వర్గీకరణ, దాని పరిమితి

హైదరాబాదు తూర్పు అంచున, ఉప్పల్ దాటాక ఉన్న చెంగిచెర్లలో ఒక శ్రోత రేడియో పెట్టుకున్నారనుకుందాం. మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ హైదరాబాద్ 'ఎ' కేంద్రానిది. ఎఫ్.ఎం.లో 91.1, 93.5, 98.3 మెగాహెర్ట్జ్ ప్రైవేటు కేంద్రాలవి. 101.9 ఆకాశవాణి రెయిన్‌బోది, 102.8 వివిధ భారతిది.

మీడియం వేవ్ తరంగాలు పగలు నేల వెంబడి సాగుతాయి. రాత్రివేళ పై వాతావరణంలోని అయనావరణం నుంచి పరావర్తనం చెంది మరింత దూరం చేరతాయి. షార్ట్ వేవ్ అదే అయనావరణం సాయంతో వేల కిలోమీటర్లు పోగలదు. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు చూపు మేర దూరానికే పరిమితమవుతాయి, కానీ ధ్వని స్పష్టంగా ఉంటుంది. తరంగ భేదం వల్ల తెలిసేది ప్రసారం చేరే దూరం, ధ్వని నాణ్యత మాత్రమే. 98.3, 101.9 కేంద్రాలు సాంకేతికంగా ఒకే రకం. ఒకటి ప్రకటనల రాబడితో నడిచే వ్యాపారం, రెండవది ప్రజా ప్రసార సంస్థలో భాగం. ఈ తేడాను తరంగదైర్ఘ్యం చెప్పలేదు. అందుకు చరిత్రలోకి వెళ్లాలి.

2. మైకు చేతులు మారిన క్రమం

మన దేశంలో రేడియోను మొదట ప్రారంభించింది ప్రభుత్వం కాదు, ఔత్సాహికులు. 1924లో ప్రసారాలు ప్రారంభించిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు డబ్బు చాలక 1927లో ఆగిపోయింది. అదే ఏడాది జూలై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ప్రసారాలు మొదలుపెట్టింది. రేడియో లైసెన్సు రుసుము మీద ఆధారపడిన ఆ కంపెనీ, సెట్లు కొన్నవారు తక్కువ కావడంతో 1930లో మూతపడింది. అప్పుడు ప్రభుత్వం ఆ కేంద్రాలను తీసుకుంది. 1936 జూన్‌లో ఆ వ్యవస్థకు ఆలిండియా రేడియో అనే పేరు వచ్చింది.

ఆనాడు చెంగిచెర్ల హైదరాబాదు సంస్థానంలోని ఒక పల్లె. సంస్థానానికి సొంత కేంద్రం ఉండేది. అదే 1935లో నిజాం ప్రభుత్వం చేపట్టిన దక్కన్ రేడియో. సంస్థాన ప్రజల్లో తెలుగు మాట్లాడేవారు ఎక్కువైనా ప్రసారాల్లో ప్రాధాన్యం పాలకుల భాష అయిన ఉర్దూది, తెలుగుకు దక్కింది కొద్ది సమయమే. 1948 సెప్టెంబరు 17న కాల్పుల విరమణ సంగతి నిజాం ప్రజలకు తెలియజేసింది రేడియో ద్వారానే. ఆ పల్లె శ్రోతకు తన పాలకుని ఓటమి కూడా పాలకుని గొంతులోనే వినిపించింది.

సంస్థానం వెలుపల పరిస్థితి వేరు. 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రం తెలుగు ప్రసారాలకు తొలి వేదికలలో ఒకటి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. దక్కన్ రేడియో 1950 ఏప్రిల్‌లో ఆలిండియా రేడియోలో విలీనమైంది.

3. ప్రభుత్వ రేడియో: సాధన, లోపం

ఆకాశవాణి చేసిన మేలును తక్కువ చేయరాదు. అది శాస్త్రీయ సంగీతాన్ని టికెట్టు లేకుండా ఇంటింటికీ చేర్చింది. చదువురాని రైతుకు వ్యవసాయ సమాచారం అందించింది. కృష్ణశాస్త్రి, బాలాంత్రపు రజనీకాంతరావు, దాశరథి వంటివారు అక్కడ పనిచేయడం వల్ల లలిత సంగీతం, శ్రవ్య నాటిక తెలుగులో ప్రత్యేక ప్రక్రియలుగా ఎదిగాయి. లాభం చూసుకునే సంస్థ ఈ పనులన్నీ చేసేది కాదు.

అయితే మన రెండవ ప్రశ్న దగ్గర ఆకాశవాణి తడబడింది. 1975-77 అత్యవసర పరిస్థితి కాలంలో అది ప్రభుత్వ వాణిగానే పనిచేసింది. ఆ తరువాత వర్గీస్ కమిటీ స్వతంత్ర వ్యవస్థ కావాలని సిఫారసు చేసింది. ప్రసార భారతి చట్టం 1990లో వచ్చినా అమలులోకి వచ్చింది 1997లో. చట్టం చేయడానికీ అమలు చేయడానికీ మధ్య ఏడేళ్లు పట్టడమే, మైకు వదులుకోవడం ఏ ప్రభుత్వానికైనా ఎంత కష్టమో చెబుతుంది.

4. ప్రైవేటు ఎఫ్.ఎం.: ఎంపికలు పెరిగాయా?

గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2001 నుంచి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు వచ్చాయి, 2006లో హైదరాబాదుకూ చేరాయి. అవి గ్రాంథిక ఛాయలు వదిలి నగరంలో మాట్లాడే తెలుగును మైకు ముందుకు తెచ్చాయి. ఇది నిజమైన మార్పు. కానీ వేలంలో భారీ రుసుము చెల్లించిన కేంద్రం ఎక్కువమంది శ్రోతలను, ఎక్కువ ప్రకటనలను చూసుకోక తప్పదు. అందుకే కేంద్రం మారినా సినిమా పాట మారదు. పైగా వీటికి సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు, ఆకాశవాణి వార్తలను మార్చకుండా తిరిగి వినిపించవచ్చు, అంతే. పత్రికకూ టీవీకీ ఉన్న స్వేచ్ఛ రేడియోకు లేకపోవడాన్ని సమర్థించడం కష్టం. శ్రోతకు కేంద్రాలు పెరిగాయి, వార్త మాత్రం ఒకే చోటు నుంచి వస్తోంది.

5. సామాజిక రేడియో: మూడవ ప్రశ్నకు సమాధానం

సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలోని మాచునూరులో 1990ల చివరలోనే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు యునెస్కో తోడ్పాటుతో స్టూడియో ఏర్పాటు చేసుకున్నాయి. ప్రసారానికి అనుమతి లేదు. దళిత మహిళలు కార్యక్రమాలను రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘ సమావేశాల్లో వినిపించారు. 2006లో నిబంధనలు మారి స్వచ్ఛంద సంస్థలకు అవకాశం వచ్చింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్‌పై ప్రసారం మొదలుపెట్టింది. చిరుధాన్యాలు, విత్తనాలు, ఆరోగ్యం, పాటలు - అన్నీ అక్కడి మాండలికంలోనే. రైతుకు చెప్పే రేడియో స్థానంలో రైతే చెప్పే రేడియో వచ్చింది.

దీనికీ పరిమితులున్నాయి. 100 వాట్ల శక్తితో ప్రసారం కొద్ది కిలోమీటర్లే చేరుతుంది. సొంత వార్తల నిషేధం ఇక్కడా ఉంది. ఒక విద్యాసంస్థ లైసెన్సు తీసుకుని యాజమాన్యం ప్రసంగాలే వినిపిస్తే అది పేరుకే సామాజిక రేడియో అవుతుంది. కాబట్టి లైసెన్సు మీది పేరు చూసి తీర్పు చెప్పరాదు.

6. ముగింపు

ఈ కొలమానాన్ని మనకూ వర్తింపజేసుకోవాలి. 1982లో స్థాపించిన మన రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆకాశవాణి ద్వారా పాఠాలు వినిపించి, తరగతి గదికి రాలేనివారికి ఆచార్యుని గొంతు చేర్చింది. అది గొప్ప సేవ. కానీ విద్యార్థి సందేహం అడిగే వీలు లేని రేడియో పాఠం, ఎంత మంచిదైనా, సగం పాఠమే. రేడియోలో పాఠం చెప్పేవారందరూ గుర్తుంచుకోవలసిన మాట ఇది.

అభ్యాసం: మీ ఊరిలో వినబడే మూడు కేంద్రాలను ఎంచుకుని, ఒక్కొక్కదాన్ని ఒక గంట వినండి. పాటకు, ప్రకటనకు, సమాచారానికి, శ్రోత గొంతుకు ఎన్ని నిమిషాలు దక్కాయో రాసుకోండి. మీ ఊరి నీటి సమస్య, బస్సు సమస్య ఏ కేంద్రంలోనైనా వినిపించిందా? వినిపిస్తే ఎవరి గొంతులో? ఈ వివరాల ఆధారంగా ఆ కేంద్రాలు ఏ రకానివో మీరే నిర్ణయించి, కారణాలు రాయండి.