వింటి పిడికి ఏ చెక్క?

ఇంట్లోనే రికర్వ్ విల్లు తయారు చేసుకోవాలనుకునే కొత్తవారిలో చాలామంది, అల్లెతాడు లాగినప్పుడు వంగే రెండు లింబ్స్‌ను బజారులో కొనుక్కొని, వాటిని బోల్టులతో బిగించే నడిమి భాగాన్ని మాత్రం చెక్కతో సొంతంగా మలచుకుంటారు. రైజర్ అనే ఈ భాగంలోనే చేతిపిడి, బాణం ఆనే మెట్టు, గురి చూడటానికి పక్కన తొలిచిన కిటికీ ఉంటాయి. దీనికి టేకు మంచిదా, జిట్రేగి మంచిదా అన్న చర్చతో ఎంపిక మొదలవడం పరిపాటి. అయితే రైజర్ మన్నికను చెట్టు జాతి కన్నా చేతికొచ్చిన దిమ్మెలో నార నడిచే తీరే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

అల్లెతాడును లాగినప్పుడు లింబ్స్ రైజర్ రెండు కొసలను విలుకాడి వైపు లాగుతుండగా అతని అరచెయ్యి నడుమను ముందుకు నెడుతుంది. ఫలితంగా లక్ష్యం వైపు ముఖం సాగుతుంది, విలుకాడి వైపు ముఖం నొక్కుకుంటుంది. బాణం విల్లు మధ్యరేఖకు దగ్గరగా సాగేందుకు కిటికీ వద్ద చెక్క మందాన్ని దాదాపు సగం తొలగిస్తారు కాబట్టి, ఆ ఒత్తిడికి ముందుగా లొంగేది అక్కడే. నార దిమ్మె పొడవునా తిన్నగా ఉంటే ఈ భారం కొస నుంచి కొసకు పంచుకుపోతుంది. పక్కకు వాలి అంచులో తెగిపోతే ఆ వాలు వెంబడే చీలిక పుడుతుంది. పది అంగుళాల పొడవుకు ఒక అంగుళం వాలు ఉంటే వంపును తట్టుకునే బలంలో సుమారు ఐదో వంతు, ఐదు అంగుళాలకు ఒక అంగుళమైతే దాదాపు సగం తగ్గుతుందని కలప శాస్త్ర గ్రంథాల పట్టికలు చెబుతాయి.

పలక మీద కనిపించే అందమైన చారలు పెరుగుదల వలయాలు కోతకు తెగిన ఆనవాళ్లు కనుక, నార దిశ తెలుసుకోవడానికి వాటినే నమ్ముకోవడం సరిపోదు. చిత్రిక పట్టిన ముఖంపై సిరా చుక్క వేస్తే అది నార వెంబడి సన్నగా పాకుతుంది. అంతకన్నా ఖాయమైన పరీక్ష, దిమ్మె కొస నుంచి కోసిన ముక్కపై ఉలి నిలిపి సుత్తితో కొట్టడం: ముక్క తిన్నగా రెండుగా విచ్చుకుంటే దిమ్మె పనికొస్తుంది, చీలిక వాలి పక్క ముఖంలోంచి బయటపడితే దానిని వదులుకోవడమే మేలు. జిట్రేగిలో నార పొరపొరకూ దిశ మార్చుకొని అల్లుకుపోతుంది గనుక చీలిక గరుకుగా వచ్చి, అనుభవం లేని కంటికి తీర్పు కష్టమవుతుంది. టేకులో నార సాధారణంగా తిన్నగా ఉండి, పరీక్ష సులువవుతుంది.

జాతి ప్రభావం ప్రధానంగా బరువులో తెలుస్తుంది. 55 సెంటీమీటర్ల పొడవు, 7.5 వెడల్పు, 4.5 మందం ఉన్న దిమ్మె టేకుదైతే సుమారు 1.2 కిలోలు, జిట్రేగిదైతే సుమారు 1.5 కిలోలు తూగుతుంది; బరువైన రైజర్ బాణం వదిలే క్షణంలో తక్కువ కదులుతుందన్న మాట నిజమే. నల్లమద్ది కూడా బరువైనదే గాని ఆరేటప్పుడు పగుళ్లిచ్చే స్వభావం దానిది. ఏ కలపైనా ముడులు లేని చేవ భాగాన్ని, అంటే కాండంలోని ముదురు లోపలి చెక్కను ఎంచుకొని, నీడలో ఆరబెట్టి, వారానికోసారి తూచి, బరువు తగ్గడం ఆగిన తరువాతే రంపం పట్టాలి.

ఒకే దిమ్మెపై నమ్మకం కుదరనప్పుడు మూడు పలకలను ఎపాక్సీ జిగురుతో కలిపితే, ఒకదానిలో దాగిన లోపానికి మిగతా రెండూ దన్నుగా నిలుస్తాయి. టేకులోని సహజ నూనె జిగురును పట్టనివ్వదు కాబట్టి అతికించే ముందు ఆ ముఖాలను ఎసిటోన్‌తో తుడవాలి. చారల అందం కావాలనుకున్నవారు మెలికల నార ఉన్న జిట్రేగిని పలుచని పైపొరగా అతికించుకోవచ్చు. భారం మోసే పనిని మాత్రం తిన్నని నార ఉన్న సాదా టేకుకు అప్పగించడం తొలి ప్రయత్నానికి క్షేమం.