పాత టేకు నుంచి కటింగ్ బోర్డు

పాత కలపతో కటింగ్ బోర్డు చేయడంలో సగానికి పైగా పని రంపం పట్టకముందే జరుగుతుంది. ఏ చెక్క వంటింట్లోకి రావచ్చు, ఏది రాకూడదు అని తేల్చుకోవడమే ఆ పని. కూల్చిన ఇళ్ల దూలాలు, వాసాలు, ద్వారబంధాలు, తలుపు రెక్కలు మళ్లీ అమ్మకానికి వస్తాయి. సికింద్రాబాద్ రైల్వే స్టేషనును ఆనుకుని ఉన్న బోయిగూడ టింబర్ డిపోలకు, తుక్కు గోదాములకు పేరుపడిన ప్రాంతం. జంటనగరాల పాత బంగళాల్లో, పెంకుటిళ్లలో టేకును ధారాళంగా వాడారు. అందులో కొంత ఆదిలాబాద్ అడవులది, కొంత బర్మా నుంచి ఓడల్లో వచ్చింది. ఆ ఇళ్ల స్థానంలో అపార్టుమెంట్లు లేస్తున్నప్పుడు పెద్ద దూలాలకు, గుమ్మాలకు కొనేవాళ్లు దొరుకుతారు. మూరెడు, జానెడు ముక్కలు మాత్రం పొయ్యిలోకి పోతాయి. కటింగ్ బోర్డుకు ఆ ముక్కలే చాలు.

తెలుగు వంటింటికి ఈ బోర్డు కొత్తదే. కత్తిపీట ముందు కూర్చుని తరిగేటప్పుడు కూరగాయ చేతిలోనే తెగుతుంది, కింద చెక్కతో పనిలేదు. నిలబడి వండే గట్టు, చేతి చాకు వచ్చాక బోర్డు అవసరమైంది. మాంసం దుకాణంలోని చింతమొద్దు మాత్రం ఎప్పటినుంచో ఉంది. చెట్టు బోదెను అడ్డంగా కోసి నిలబెట్టిన ఆ మొద్దులో నార నిలువుగా ఉంటుంది. కత్తి దెబ్బ నార కొసల మీద పడుతుంది, కొసలు కాస్త విడిపోయి మళ్లీ దగ్గరకు వస్తాయి. కత్తి పదును నిలుస్తుంది, మొద్దూ త్వరగా చెడదు. నేటి ఖరీదైన బోర్డుల్లో ‘ఎండ్ గ్రెయిన్’ పేరుతో అమ్మేది ఈ పద్ధతినే.

పాత టేకు గొప్పదనం దాని చేవలో ఉంది. అడవిలో దశాబ్దాల పాటు నిదానంగా పెరిగిన చెట్టులో చేవ ఎక్కువ, బయటి తెల్లచెక్క తక్కువ. తోటల్లో పెంచి త్వరగా నరికే టేకులో తెల్లచెక్క పాలు పెరుగుతుంది. చేవలోని సహజమైన నూనె నీటిని, చెదను దూరంగా ఉంచుతుంది. గట్టిదనాన్ని కొలిచే జాంకా లెక్కలో టేకు సుమారు 1,070 పౌండ్లు, విదేశాల్లో బోర్డులకు ఎక్కువగా వాడే గట్టి మేపుల్ 1,450. అంటే టేకు మీద చాకు అంచు అంతగా దెబ్బతినదు. అయితే టేకులో ఇసుకలోని పదార్థమే అయిన సిలికా ఉంటుంది. చిత్రిక పట్టే వడ్రంగి తరచూ బ్లేడు నూరుకోవాల్సి వస్తుంది.

ఇళ్లలో ఉన్నంతకాలం ఆరిన కలప ఇక కదలదని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఎంత పాత చెక్కైనా వానాకాలం తేమకు ఉబ్బుతుంది, మే నెల ఎండకు ముడుచుకుంటుంది. ఆ కదలిక నార పొడవునా దాదాపు ఉండదు. వెడల్పులో ఉంటుంది, అదీ వలయాల వెంట ఉన్నంత వలయాలకు అడ్డంగా ఉండదు, దాదాపు సగమే. బోర్డు రెండు కొసలకూ అడ్డపట్టీలు జిగురుతో బిగిస్తే రెండు మూడు కాలాల్లో పగులు వచ్చేది ఇందుకే.

ఇక వద్దనుకోవాల్సిన సరుకు. సికింద్రాబాద్ రైల్వేల ఊరు కాబట్టి పాత స్లీపర్లు కంటికి ఆనుతాయి. వాటికి క్రియోసోట్ అనే విషపు తారునూనె పట్టించి ఉంటుంది, తిండి దగ్గరకు అవి రాకూడదు. ప్లైవుడ్, ఎండీఎఫ్ కూడా అంతే. ప్యాకింగ్ పెట్టెల చెక్క మీద ‘ఎంబీ’ ముద్ర ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారని, ‘హెచ్‌టీ’ ఉంటే వేడితో శుద్ధి చేశారని అర్థం. మొదటిదాన్ని వదిలేయాలి. పాత తలుపుల రంగు మరీ ముఖ్యం. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. దాన్ని సాండ్ పేపరుతో రుద్దితే దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే రంగు పడని దూలాలను, వాసాలను ఎంచుకోవడం మేలు. చెదమందు పట్టిన జాడ గానీ ఘాటైన వాసన గానీ ఉంటే వాటినీ పక్కన పెట్టాలి.

ఎంచుకున్న ముక్కలో ముందు మేకులు వెతకాలి. అయస్కాంతం ఆడిస్తే పైపైన ఉన్నవి తెలుస్తాయి. తల తెగి లోపల మిగిలిన మేకును చుట్టూ ఉలితో తొలిచి శ్రావణంతో లాగాలి. ఒక్క మేకు చాలు, యంత్రం బ్లేడు విరగడానికి. తర్వాత నల్లబడిన పైపొరను చిత్రిక పట్టి తీసేస్తే లోపలి బంగారు గోధుమరంగు బయటపడుతుంది, టేకుకే చెందిన తోలు వాసన తగులుతుంది. తెల్లచెక్కను, పగుళ్లను, పుచ్చును కోసేయాలి.

మిగిలిన దాన్ని ఒకటిన్నర, రెండు అంగుళాల వెడల్పు పట్టీలుగా చీలుస్తారు. పక్కపక్కన పేర్చేటప్పుడు వలయాల వంపు ఒకదానికి పైకి, ఇంకోదానికి కిందికి ఉండేలా తిప్పుతారు. ఒక పట్టీ వంగబోతే పక్కది ఎదురు వంగుతుంది, మొత్తం మీద బోర్డు చదునుగా నిలుస్తుంది. టేకులోని నూనె జిగురును అంటనివ్వదు. కాబట్టి అతుకు ముఖాలను అప్పుడే చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి, వెంటనే నీటికి తట్టుకునే జిగురు రాసి క్లాంపులు బిగించాలి. ఇక్కడ ఆలస్యం చేస్తే అతుకు బలహీనమవుతుంది. జిగురు పూర్తిగా ఆరాక 80 నంబరు సాండ్ పేపరుతో మొదలుపెట్టి 120, 220 దాకా వెళ్లాలి. చివర్లో తడిగుడ్డతో తుడిస్తే నూగు లేస్తుంది. ఆరాక దాన్ని మళ్లీ రుద్దకపోతే, మొదటిసారి కడిగిన రోజే బోర్డు గరుకెక్కుతుంది.

ఈ పనిలో ప్రమాదం కంటికి కనపడనిది. చెక్కపొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది. మాస్కు లేకుండా రుద్దడం తగదు. నిప్పు భయమూ తక్కువది కాదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని ఒక తుక్కు గోదాములో మంటలు లేచి, పైన నిద్రిస్తున్న 11 మంది బీహారు కార్మికులు మరణించారు. పాత వస్తువుకు మళ్లీ విలువ తెచ్చే వ్యాపారంలో దాన్ని మోసి, ఏరి, పేర్చే మనుషుల ప్రాణానికి ముందు విలువ ఉండాలి. బయటికి రెండో దారి, పని స్థలానికి దూరంగా పడక అనేవి కనీస అవసరాలు.

నూనె పట్టించడానికి వేరుశనగ, నువ్వుల నూనెలు పనికిరావు. కొన్నాళ్లకు ముక్కవాసన వేస్తాయి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్‌ను చెక్క పీల్చుకున్నంత రాసి, పైన అదే నూనెలో కరిగించిన తేనెమైనం పూయడం నమ్మకమైన పద్ధతి. అవిసె నూనె ఆరి గట్టిపడుతుంది గానీ, రంగుల దుకాణంలో అమ్మే మరిగించిన రకంలో లోహ లవణాలు కలుస్తాయి, అది తిండికి తగదు. ఏ రకమైనా సరే, అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండగా చుట్టి పడేస్తే దానంతటదే అంటుకోవచ్చు. విప్పి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచాలి.

చెక్క మీద సూక్ష్మజీవులు దాగుతాయన్న భయం పాతది. అమెరికాలో డీన్ క్లివర్ బృందం 1994లో ప్రచురించిన ప్రయోగాల్లో, చెక్కపై వేసిన బాక్టీరియా లోపలికి ఇంకిపోయి కొద్దిసేపటికే తిరిగి దొరకడం తగ్గిపోయింది. చాకు గాట్లు పడిన ప్లాస్టిక్ బోర్డును చేత్తో శుభ్రం చేయడమే కష్టమైంది. అయినా పచ్చి మాంసానికి వేరే బోర్డు ఉంచుకోవడం మంచిది. వాడాక వేడినీళ్లతో, సబ్బుతో కడిగి, నిలువుగా ఆనించి నీడలో ఆరబెట్టాలి. సింకులో నానబెట్టకూడదు. రంగు వెలిసినట్టు కనిపించినప్పుడు మళ్లీ నూనె రాయాలి. గాట్లు లోతైతే పైన పలుచగా చిత్రిక పట్టించాలి. అంగుళం పైబడిన మందం ఉంటే ఇలా చాలాసార్లు చేయించుకోవచ్చు.